గాజు కవచం తొడుక్కుని వంద నాణేలు అడిగినవాడు

వాడు దారికి అడ్డంగా నిలబడి వంద నాణేలు ఇమ్మన్నాడు, లేదంటే ప్రాణం తీస్తానన్నాడు. పిల్లి మొహం మనిషి. ఆబ్లివియన్ అనే కంప్యూటర్ ఆట ఆడినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, ఖజీట్ జాతి దారిదొంగ. వాడి ఒంటి మీద ఆకుపచ్చగా మెరుస్తున్న గాజు కవచం ఉంది. అందులో ఒక్క ముక్క అమ్మినా వందల నాణేలొస్తాయి. అంత సొత్తు ఒంటి మీద వేసుకుని నా దగ్గర వంద అడుగుతున్నాడు. ఇవ్వనన్నాను. నాలుగు దెబ్బల్లో ఆటలో నా పాత్ర పైడమ్మ నేల మీద పడింది.

సేవ్ తెరిచి మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ పోయాను. ఆ తెల్లవారుజామున పదకొండు సార్లు ప్రయత్నించాను. పన్నెండోసారి వంద ఇచ్చి పక్కకి తప్పుకున్నాను. కంప్యూటర్ కట్టేసి పడుకుంటే నిద్ర పట్టలేదు. నలభై గంటలు ఆడిన ఆట అది. నెల కిందట అదే దారిలో తోడేళ్ళనీ, తోలు చొక్కా వేసుకున్న దొంగలనీ ఆపకుండా కొట్టుకుంటూ పోయినదాన్ని. ఇంత ఆడాక బలం పెరగాలి కదా, తగ్గడమేమిటి?

నా సంగతి కొంచెం చెప్పాలి. ఋషికొండలో మెడికల్ కోడింగ్ ఉద్యోగం, రాత్రి షిఫ్టు. క్యాబ్ బీచ్ రోడ్డు మీదుగా ఎంవీపీ కాలనీలో దింపేసరికి తెల్లవారుజాము నాలుగు దాటుతుంది. ఆ వేళకి అమ్మ ఇంకా లేవదు, నాకేమో వెంటనే నిద్ర రాదు. తమ్ముడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తూ తన కంప్యూటర్ ఇక్కడే వదిలేశాడు. అందులో ఉన్న ఆటల్లో ఒకటి ఇది. 2006లో వచ్చింది. ఎంత పాతదైనా ఆ అడవిలో సూర్యుడు దిగుతుంటే చూస్తూ కూర్చోవచ్చు. మా అమ్మమ్మ పేరే నా పాత్రకి పెట్టుకున్నాను. బ్రెటన్ జాతి ఆడమనిషి, మంత్రాల దెబ్బ సగమే తగులుతుంది.

ఆదివారం తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, ఇంతకీ నీ మేజర్ స్కిల్స్ ఏం పెట్టుకున్నావ్?"

మేజర్ స్కిల్స్ అంటే మన పాత్రకి మొదట్లో ఎంచుకునే ఏడు ముఖ్యమైన నైపుణ్యాలు. వరసగా చదివాను. అథ్లెటిక్స్, ఆక్రోబాటిక్స్, మర్కంటైల్, స్పీచ్‌క్రాఫ్ట్, సెక్యూరిటీ, ఆల్కెమీ, బ్లేడ్. అంటే పరుగు, గెంతులు, బేరం, మాటకారితనం, తాళాలు తియ్యడం, మందులు నూరడం, చివర్లో కత్తి. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు.

"ఇప్పుడు ఏ లెవెల్?"

"ఇరవై రెండు."

"అది వ్యాపారం చేసి తెచ్చుకున్న ఇరవై రెండు అక్కా. దొంగలకి అది తెలీదు కదా. నువ్వు కత్తి పట్టి ఇరవై రెండుకి వచ్చావనుకుని తయారై వస్తున్నారు."

నా ఇబ్బందంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఈ ఆటలో మనం ఒక్కో లెవెల్ ఎక్కేకొద్దీ లోకం కూడా ఎక్కుతుంది. మొదట్లో గుహలో ఎలుకలుంటాయి. అదే గుహకి ఇరవై లెవెల్స్ తర్వాత వెళ్తే ఇంకేదో కూర్చుని ఉంటుంది. బందిపోట్లు ముందు తోలు కట్టుకుని వస్తారు, చివరికి గాజు కవచాలతో వస్తారు. లెవెల్ ఎక్కడానికి ఏడు మేజర్ స్కిల్స్‌లో అన్నీ కలిపి పది పాయింట్లు పెరిగితే చాలు. అది యుద్ధంలో పెరిగిందా, బజార్లో పెరిగిందా అన్న తేడా లేదు. నేను బాణాలు ఒక్కొక్కటిగా అమ్మేదాన్ని, ప్రతి అమ్మకానికీ బేరం స్కిల్ పెరుగుతుంది కాబట్టి. ఊరు నుంచి ఊరికి గుర్రం ఎక్కకుండా గెంతుకుంటూ వెళ్ళేదాన్ని. కొత్త ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళతో మాట కలిపేదాన్ని. పది పాయింట్లు నిండగానే మంచం వెతుక్కుని పడుకునేదాన్ని, ఎందుకంటే నిద్రపోతేనే లెవెల్ మారుతుంది. ప్రతి నిద్రకీ నా శత్రువులు ఒక మెట్టు పైకెక్కారు. కత్తి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

లెవెల్ మారినప్పుడల్లా మూడు గుణాలు పెంచుకోమని అడుగుతుంది. అక్కడ కూడా నష్టపోయాను. ఉన్నవి ఎనిమిది గుణాలు: బలం, తెలివి, సంకల్పం, చురుకు, వేగం, ఎండ్యూరెన్స్, వ్యక్తిత్వం, అదృష్టం. ఏ గుణం ఎంత పెరగాలన్నది ఆ గుణానికి చెందిన స్కిల్స్ గత లెవెల్ నుంచి ఎంత పెరిగాయో దాన్నిబట్టి ఉంటుంది. ఒక్కటీ పెరగకపోతే ఒక పాయింటే. పది పెరిగితే ఐదు పాయింట్లు. అదృష్టానికి మాత్రం ఎప్పుడూ ఒకటే. ఎండ్యూరెన్స్ అంటే ఓర్పు, దెబ్బ తట్టుకునే సత్తా. ప్రతి లెవెల్‌కీ ప్రాణం ఎంత పెరగాలో నిర్ణయించేది అదే, ఎండ్యూరెన్స్‌లో పదో వంతు కలుస్తుంది. పైడమ్మకి మొదట్లో అది ముప్పై. నేనెప్పుడూ పెంచలేదు. అంటే ఇరవై ఒక్క సార్లు లెవెల్ మారితే ప్రతిసారీ మూడు మాత్రమే కలిసింది. గడిచిన లెవెల్స్‌ది ఇక తిరిగి రాదు.

"కొత్తగా మొదలెట్టెయ్ అక్కా. ఈసారి నేను చెప్తా ఏం పెట్టుకోవాలో."

మొదలెట్టనన్నాను. నలభై గంటలు పోతాయని కాదు. ఆ మనిషి నాకు తెలుసు. ఏ ఊళ్ళో ఏ సత్రంలో పడుకుందో, ఏ కొట్టువాడి దగ్గర ఎంతకి బేరమాడిందో తెలుసు. పేరు చూస్తేనే అమ్మమ్మ కొంగు గుర్తొస్తుంది. ఆమెని అక్కడ దారిలో పడేసి ఇంకొకరితో మొదలెట్టడం నాకు మనసొప్పలేదు. తమ్ముడు వాదించలేదు. "సరే, అయితే మంచం ఎక్కకు" అన్నాడు.

ఆ రోజు నుంచి మూడు వారాలు పైడమ్మ నిద్రపోలేదు. పది పాయింట్లు నిండాయి, విశ్రాంతి తీసుకోమని స్క్రీన్ మీద గుర్తు వస్తూనే ఉంది. నేను పట్టించుకోలేదు. ముందు మూడు గుణాలకీ పదేసి చొప్పున కూడబెట్టి, ఆ తర్వాతే పడుకోవాలని నిర్ణయించుకున్నాను. మేజర్ కాని స్కిల్స్ ఎంత పెరిగినా లెవెల్ ముందుకు జరగదు, గుణాల లెక్కలోకి మాత్రం వస్తాయి. అక్కడ నాకు అదృష్టం కలిసొచ్చింది. డాలు అడ్డం పెట్టడం, సామాను బాగుచేసుకోవడం ఈ రెండూ నా మేజర్లలో లేవు. రెండూ ఎండ్యూరెన్స్‌కి చెందినవే.

అందుకని పీతని వెతుక్కున్నాను.

ఆట జరిగే సిరోడిల్ దేశంలో ఏటి ఒడ్డున మడ్‌క్రాబ్స్ అనే పీతలుంటాయి. మనం ఎంత ఎదిగినా అవి మాత్రం పెద్దగా ఎదగవు. ఒకదాన్ని ఒడ్డు దాకా రప్పించుకున్నాను. మౌస్ కుడి బటన్ నొక్కి పట్టుకుంటే పైడమ్మ డాలు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. పీత కొంచెం వెనక్కి జరుగుతుంది, పక్కకి నడుస్తుంది, ముందు గోళ్ళెత్తి టక్కున డాలు మీద కొడుతుంది. ఒక్కో దెబ్బకీ స్కిల్ గీత వెంట్రుకవాసి జరుగుతుంది. ఓ పావుగంటకి డాలు అరిగిపోతుంది. అప్పుడు పక్కకి వెళ్ళి సుత్తి తీసి బాగుచేసుకోవాలి, దాంతో రెండో స్కిల్ కూడా కదులుతుంది. మళ్ళీ వచ్చి నిలబడాలి. వెనక నీళ్ళ చప్పుడు. మా కిటికీలోంచి అసలు సముద్రం హోరు. ఏది ఆటలోదో ఏది బయటిదో తెలియకుండా గంటలు గడిచాయి. ఆ గంటలు నాకు విసుగనిపించలేదు. ఆఫీసులో రాత్రంతా ఫైలు తర్వాత ఫైలు తరుముకొస్తుంటుంది. ఇక్కడ ఒక్క పీత, ఒక్క డాలు.

అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడి చూసింది.

"ఏటే, గంట నుంచీ ఆ పీత నిన్ను కొడతానే ఉంది. నువ్వు కొట్టవేం?"

"కొడితే చచ్చిపోద్దమ్మా."

"హార్బర్‌లో పీతయితే ఈపాటికి పులుసయిపోను" అనేసి వెళ్ళిపోయింది. మర్నాడు నిజంగానే ఫిషింగ్ హార్బర్ నుంచి పీతలు తెప్పించింది.

ఆ మధ్యలో ఒక వాన రోజు కరెంటు పోయింది. సేవ్ చేసుకోకుండా రెండు గంటలు డాలు పట్టుకున్న పని మొత్తం పోయింది. ఏడుపొచ్చింది. అప్పటి నుంచి పావుగంటకోసారి సేవ్ చేసుకోవడం అలవాటైంది. వైజాగ్‌లో గాలివాన రోజుల్లో ఏ పని చేస్తున్నా ఈ అలవాటు మంచిది.

నా దగ్గర డబ్బుకి కొదవ లేదు, అంత బేరమాడాను కదా. ఊళ్ళలో స్కిల్స్ నేర్పే గురువులు ఉంటారు, డబ్బు తీసుకుని ఒక్కో పాయింటు పెంచుతారు. లెవెల్‌కి ఐదు సార్లే నేర్పుతారు. ఆ ఐదూ కత్తి మీదే పెట్టాను. నాలుగు వారాల ముందు ఈ డబ్బుతో మెరిసే ఉంగరాలు కొన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

డిఫికల్టీ స్లైడర్, అంటే ఆట ఎంత కష్టంగా ఉండాలో సర్దుకునే మీట గురించి తమ్ముడు మొదటి రోజే చెప్పాడు. ఎడమ చివరికి జరిపితే మన దెబ్బ ఆరు రెట్లు పడుతుంది, వాళ్ళది ఆరో వంతు తగులుతుంది. కుడి చివరికి జరిపితే ఇదంతా తిరగబడుతుంది. నేను జరపనని పంతం పట్టాను. ఒక వారం తర్వాత ఎడమ వైపు కొద్దిగా జరిపాను. మినొటార్ లార్డ్ అనే ఎద్దు తల రాక్షసుణ్ణి పది నిమిషాలు కొట్టినా చావలేదు. చేతి వేళ్ళు నొప్పెట్టాయి, ఆ రాత్రి షిఫ్టులో టైపింగ్‌కి ఇబ్బందయ్యింది. ఆట ఇచ్చిన మీటని ఆటలోనే వాడుకున్నాను, అందులో తప్పేమీ కనిపించలేదు. మరీ చివరిదాకా జరిపితే మాత్రం దేన్ని కొడుతున్నామో చూడాల్సిన అవసరమే ఉండదు. అది నాకు నచ్చలేదు. కొద్దిగా జరిపి వదిలేశాను.

కత్తి ఒక్కదాన్నే నమ్ముకోకూడదని తేలాక, నా దగ్గర ఇంకేమున్నాయని చూసుకున్నాను. ఆల్కెమీ బాగా పెరిగి ఉంది. ఇన్నాళ్ళూ మందులు చేసి అమ్మడమే తప్ప నేను వాడుకున్నది లేదు. క్యారెట్, లెట్యూస్, మొక్కజొన్న, యాపిల్, వీటిలో ఏ రెండు కలిపినా అలసట తీర్చే మందు తయారవుతుంది. అలసిపోయి కొడితే కత్తి దెబ్బ బలం తగ్గుతుంది. ఈ సంగతి తెలియక నలభై గంటలూ అలసిన చేత్తోనే కొట్టాను! ఎంవీపీ రైతు బజారు నుంచి అమ్మ తెచ్చే సంచిలాగే పైడమ్మ సంచి కూడా కూరగాయలతో నిండిపోయింది. నైట్‌షేడ్ లాంటి విషపు మొక్కలతో విషం చేసుకుని కత్తికి పూసుకుంటే ఒక్క దెబ్బకి పనిచేస్తుంది, మొదటి దెబ్బే గట్టిగా తగలాలి. ఇక మాయమయ్యే మందు. అది తాగితే కాసేపు ఎవరికీ కనిపించం. దేన్నైనా ముట్టుకున్నా, ఎవరినైనా కొట్టినా ప్రభావం పోతుంది.

మంత్రాల విషయానికి ఎక్కువ కష్టపడ్డాను. మన మంత్రాలు మనమే తయారుచేసుకోవాలంటే ఆర్కేన్ యూనివర్సిటీలోకి వెళ్ళాలి. అందుకు ఏడు ఊళ్ళలోని మేజెస్ గిల్డ్ అనే మంత్రగాళ్ళ సంఘం శాఖల నుంచి సిఫార్సు తెచ్చుకోవాలి. నాకు అప్పటికే నాలుగు ఉన్నాయి, మిగతా మూడూ తిరిగి తెచ్చుకున్నాను. లోపలికెళ్ళి రెండు మంత్రాలు చేసుకున్నాను. రెండూ శత్రువు ఒంట్లో మంత్రాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి, పిడుగు దెబ్బ కూడా వేస్తాయి. ఒకే మంత్రాన్ని మళ్ళీ వేస్తే పాతదాని స్థానంలో కొత్తది కూర్చుంటుంది. వేరే పేరుతో ఉన్న రెండిటిని ఒకదాని తర్వాత ఒకటి వేస్తే మాత్రం ఒకదాని మీద ఇంకోటి కలుస్తాయి. మూడో దెబ్బకి శత్రువు ప్రాణపు గీత సగానికి పడిపోవడం మొదటిసారి చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నిప్పు కాకుండా పిడుగే ఎందుకంటే, నేను వెళ్ళాల్సింది నిప్పులోకం. అక్కడ ఒళ్ళంతా మంటలే ఉన్న జీవాలుంటాయి, వాటి మీద నిప్పు వేస్తే ఏమవుతుంది? ఆ పొరపాటు ఒకసారి చేశాను, రెండోసారి చెయ్యలేదు.

ఒక అస్థిపంజరాన్ని పిలిచే మంత్రం కూడా నేర్చుకున్నాను. అది గొప్పగా ఏమీ కొట్టలేదు. అయినా శత్రువు దాని వైపు తిరిగితే నాకు నాలుగు క్షణాలు దొరుకుతాయి, ఆ నాలుగు క్షణాల్లో రెండు మంత్రాలు వేసుకోవచ్చు.

గాజు కవచం దొంగ దగ్గరికి ఒక శనివారం మళ్ళీ వెళ్ళాను. వంద నాణేలు అడిగాడు. అస్థిపంజరాన్ని పిలిచాను. వాడు దాని మీదకి ఉరికాడు. ఒకటి, రెండు, ఒకటి, రెండు, నాలుగు పిడుగులు. వాడు నా వైపు తిరిగేసరికి విషం పూసిన కత్తి దిగింది. కూలిపోయాడు. కవచం విప్పి తీసుకోలేదు. అది బరువు, నేను మోసుకెళ్ళలేను. పైగా అమ్మితే బేరం స్కిల్ పెరుగుతుంది.

ఇక మిగిలింది క్వాచ్. కథ మొదట్లోనే ఆ ఊరికి వెళ్ళమంటారు. ఊరి బయట నరకద్వారం తెరుచుకుని ఊరు తగలబడుతుంటుంది. చిన్న లెవెల్‌లో వెళ్తే అక్కడ ఎక్కువగా స్కాంప్స్ అనే బక్క పిశాచాలే ఉంటాయి. నేను ఊళ్ళు చూద్దామని వాయిదా వేశాను. ఇరవై రెండో లెవెల్‌లో వెళ్ళేసరికి మొసలి తల డేడ్రాత్‌లు నిప్పులు ఊస్తూ వస్తున్నాయి. మొదటి రెండు ప్రయత్నాల్లో ద్వారం దాటిన వంద అడుగుల్లోనే చచ్చిపోయాను. మంత్రశక్తి అయిపోతోంది, ఒకటి పడేలోగా ఇంకోటి వస్తోంది. వచ్చినవాటన్నిటినీ కొట్టాలనుకోవడమే తప్పు.

మూడోసారి బయట ఆగి బాగా ఆలోచించాను. ద్వారం మూయాలంటే బురుజు పైన ఉన్న సిజిల్ రాయి తీస్తే చాలు. దారిలో ఉన్నవాటన్నిటినీ చంపాలని ఎవరూ చెప్పలేదు. ఇక నా పైడమ్మ దేంట్లో గొప్ప? పరుగులో, గెంతులో. ఇరవై రెండు లెవెల్స్ ఆమె అవే నేర్చుకుంది. నన్ను ఇంత ఇబ్బంది పెట్టిన ఆ రెండు స్కిల్సే ఆమె దగ్గర అన్నిటికన్నా ఎక్కువున్నాయి.

పరుగెత్తించాను. లావా పక్కనుంచి, రాళ్ళ మీదుగా గెంతుతూ, వెనక నాలుగు జీవాలు తరుముతుంటే ఆగకుండా వెళ్ళాను. బురుజు తలుపు దగ్గర మాయమయ్యే మందు తాగాను. తలుపు ముట్టుకోగానే ప్రభావం పోయింది, లోపల ఇంకోటి తాగాను. మెట్లు చుట్టూ తిరిగి ఎక్కుతుంటే పక్కనే డ్రెమోరా కాపలావాడు నిలబడి ఉన్నాడు, నా వైపు చూడలేదు. అలసట మందు, మళ్ళీ పరుగు. పైన ఒకడు చూశాడు. వాడి మీదకి అస్థిపంజరాన్ని వదిలి రాయి మీద చెయ్యి వేశాను. స్క్రీన్ అంతా తెల్లబడింది. తర్వాత బయట పచ్చిగడ్డి మీద నిలబడి ఉన్నాను, వెనక ద్వారం కూలిపోయి ఉంది. చెయ్యి వణికింది. ఆ వణుకు ఎంత సేపున్నా బాగుండుననిపించింది.

ఊరి లోపల కాపలావాళ్ళతో కలిసి పోరాడాల్సిన భాగం పరుగుతో అయ్యేది కాదు. అక్కడ రెండు మంత్రాలు, విషం, స్లైడర్ అన్నీ వాడాను. ముగ్గురు సైనికులు నా పక్కన పడిపోయారు. వాళ్ళకి మందు ఇచ్చే వీలుంటే ఇచ్చేదాన్ని.

ఈ తంటా అంతా తయారుచేసినవాళ్ళకి కూడా తెలిసినట్టే ఉంది. వాళ్ళే 2011లో తెచ్చిన స్కైరిమ్ అనే ఆటలో శత్రువులకి ప్రాంతాన్నిబట్టి హద్దులు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్‌లో గుణాల లెక్క పూర్తిగా మార్చేశారు, లెవెల్‌కి పన్నెండు పాయింట్లు చేతికిస్తారు, నచ్చిన మూడు గుణాల మధ్య పంచుకోవచ్చు. పాత ఆటకి ఓస్కురోస్ ఆబ్లివియన్ ఓవర్‌హాల్ లాంటి మాడ్స్ (ఆడేవాళ్ళే ఆటకి చేసిపెట్టిన మార్పులు) కూడా ఉన్నాయి, అవి వేసుకుంటే లోకం మనతోపాటు ఎదగడం చాలావరకు ఆగుతుంది. కొత్తగా మొదలెట్టేవాళ్ళు అవే చూసుకోండి. పాతదే ఆడతామంటే మాత్రం, క్వాచ్‌కి తొందరగా వెళ్ళండి. ఎండ్యూరెన్స్ మొదటి లెవెల్ నుంచే పెంచండి. ఎప్పుడూ వాడే స్కిల్స్ అన్నిటినీ మేజర్లుగా పెట్టుకోకండి. మందులు అమ్మేయకుండా ముందు మీరు తాగండి.

క్వాచ్ అయ్యాక పైడమ్మని దగ్గరి సత్రానికి తీసుకెళ్ళాను. మూడు వారాల తర్వాత మంచం ఎక్కించాను. గుణాలు ఎంచుకోమంది. ఎండ్యూరెన్స్ పక్కన ఐదు. బలం పక్కన ఐదు. సంకల్పం పక్కన ఐదు. మూడూ నొక్కాను. కిటికీలోంచి వెలుతురు వస్తోంది, కింద వీధిలో పాలవాడి సైకిల్ గంట వినిపించింది. తమ్ముడికి స్క్రీన్ ఫొటో తీసి పంపాను. ఆ వేళప్పుడు లేచే ఉన్నాడు కాబోలు, వెంటనే జవాబొచ్చింది: "ఇప్పుడు ఇరవై మూడా అక్కా? బందిపోట్లు కూడా ఒకటి ఎక్కారు, చూసుకో."

చూసుకుంటానన్నాను. కంప్యూటర్ కట్టేసి పడుకున్నాను.